పై స్వరం

ఇస్రాయేలుకి మెలకువ వచ్చేసరికి భూమయ్య పక్క మంచం మీంచి వంగి, అతని ముంజేతి గడియారాన్ని బొటనవేలితో నొక్కుతున్నాడు. ఇది రోజూ ఉన్నదే. సరిగ్గా ఐదింటికి ఆ కరీంనగర్ మనిషి చెయ్యి చాపడం, గడియారం నొక్కడం, మళ్ళీ ముసుగు తన్నడం. సొంతానికి ఒక గడియారం కొనుక్కోకుండా పక్కవాడి చేతిమీద టైము చూసుకుంటాడని ఇస్రాయేలు లోపల్లోపల నవ్వుకుంటాడు. తన గడియారంలో అలారం ఎప్పుడో చచ్చిపోయింది. సీబ్ బజారులో ఇచ్చి బాగు చేయించాలనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాడు. చేతిమీద ఎవరో ఒకరు నొక్కి లేపుతుంటే అలారంతో పనేముంది చెప్పండి?

యాభై మూడేళ్ళ మనిషి. పొట్టి. ఏసీ బ్లోయర్ బెల్టులు లాగి లాగి కుడిభుజం ఎడమదానికంటే అంగుళం కిందకి దిగింది. తలకి కొబ్బరినూనె పెట్టి, పక్కపాపిడి తీసి, ఆ పాపిడి చెదరకుండా సాయంత్రం దాకా మోసుకొస్తాడు. గ్రీజు మరకల యూనిఫారం మీద ఆ పాపిడి ఒక్కటే పెళ్ళికొచ్చినట్టు ఉంటుంది. ఒమాన్‌లో, అల్ మవాలేలోని ఆరు మంచాల రూము నుంచి కంపెనీ వ్యాను ఐదున్నరకి ఎక్కించుకుంటుంది, ఇరవై నిమిషాల్లో హోటలు వెనక గేటు దగ్గర దింపుతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ హోటలు ముందు గేటు ఎలా ఉంటుందో అతనికి సరిగ్గా తెలియదు. తెలుసుకోవాలని పట్టింపూ లేదు.

అతని చోటు ఆడిటోరియం స్టేజీ వెనక ఉన్న గాలి మిషను గది. కిటికీ లేదు. ఇనప తలుపు. గదిలో ముప్పావు భాగం మిషనే. మిగతా పావులో ఒక స్టూలు, ఒక మేకు, స్టేజీ పక్కనించి వెలిగించే రెండు బల్బులు. ఎర్రది వెలిగితే గాలి ఆపాలి, పచ్చది వెలిగితే వదలాలి. గోడకి పైన, హాల్లోని గాలి తిరిగొచ్చే చోట, దినపత్రిక అంత జాలీ. మిషను ఆపినప్పుడు, హాల్లో ఎవరైనా పాడితే ఆ పాట ఆ జాలీలోంచే దిగి వచ్చి స్టూలు మీద కూర్చున్న ఇస్రాయేలు నెత్తిన పడుతుంది. ఆ ఒక్క సుఖం కోసమే అతను తొమ్మిదేళ్ళు ఆ గదిలో కూర్చున్నాడంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నిజం మాత్రం అదే.

ఆ ఉదయం స్టూలెక్కి జాలీకి కొత్త పట్టీ కట్టాడు. ఆస్పత్రుల్లో గాయాలకి కట్టే పల్చటి గుడ్డలోంచి చింపిన జానెడు పీలిక. గాలి వస్తుంటే ఎగురుతుంది, ఆగితే వేలాడుతుంది. గాలి ఉందో లేదో చెప్పడానికి కంపెనీ ఇచ్చిన మీటరు ఒకటి ఉంది గానీ, దాన్ని డబ్బాలోంచి తీయలేదతను. గుడ్డ సంగతి అతను నేర్చింది ఏసీ స్కూల్లో కాదు, నర్సాపురం దగ్గర మిషన్ హాస్టల్లో.

ఆ హాస్టల్లో మగపిల్లల క్వయర్ ఉండేది. తెల్లచీర కట్టుకున్న దొరసానమ్మగారు ఇరవై నాలుగు మందిని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి నోటిముందూ సన్నటి గుడ్డపీలిక పట్టుకునేది. పాడాలి, గుడ్డ కదలకూడదు. ఊపిరి వృథా చేసినవాడి గుడ్డ రెపరెపలాడేది, వాడికి ఆ పూట మజ్జిగ బంద్. పన్నెండేళ్ళ ఇస్రాయేలు గుడ్డ ఎప్పుడూ కదల్లేదు. పై స్వరం అతనిదే. క్రిస్మస్ రాత్రి గుడి కప్పు దాకా ఒక్కడే పాడేవాడు, కింద పెద్దవాళ్ళు తలలెత్తి చూసేవాళ్ళు. పద్నాలుగో ఏట గొంతు మారింది. అంతే, తర్వాత జీవితంలో అతన్ని తలెత్తి చూసిన వాళ్ళెవరూ లేరు. ఐటీఐ, పెళ్ళి, ఐస్ ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీ మూతబడటం, ఒమాన్.

ఇక్కడికొచ్చాక జాలీ కింద కూర్చుని అతను విన్న మగపిల్లల క్వయర్లు రెండు. రెండువేల మూడులో జర్మనీ పిల్లలు వచ్చారు. అబ్బ, ఆ పై స్వరం! జాలీలోంచి దిగి, చెవిలోంచి దూరి, వెన్నులోంచి పోయింది. ఆ పూట ఇస్రాయేలు స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. మూడేళ్ళకి ఇంగ్లాండు పిల్లలు వచ్చారు. వాళ్ళది శుభ్రమైన పాట, మధ్య స్వరాలు నేతలా కలిసిపోయాయి, కానీ పైన ఆ పదును లేదు. "ఇంగ్లీషోళ్ళు బానే పాడేరు గానీ, ఇంటికి కప్పు ఏసేరేగానీ కలశం పెట్టలేదు," అని ఇంటికి ఫోను చేసి భార్య సెలిన్‌కి చెప్పాడు. ఇంటి ఖర్చుల కోసం ఫోను దగ్గర కూర్చున్న సెలిన్, "మీకేవన్నా పిచ్చా?" అంది. పాపం, ఆవిడ తప్పేముంది.

ఇవాళ సాయంత్రం పోలండు పిల్లలు పాడతారు. మూడో క్వయర్. ఇస్రాయేలు ఊరికి వెళ్ళడమా మానడమా అన్నది ఈ సాయంత్రం మీదే ఆధారపడి ఉంది.

మూడు నెలల కిందట హాస్టల్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది ప్రేమచంద్. అప్పట్లో ఇస్రాయేలు పక్కన నిలబడి పాడినవాడు, ఇప్పుడు అక్కడి క్వయర్ మాస్టారు. డిసెంబరు ఇరవై ఆదివారం హాస్టల్‌కి నూరేళ్ళ పండగ. పాత పిల్లలందరూ వెనక వరసలో, ఇప్పటి పిల్లలు ముందు వరసలో నిలబడి పాడతారు. 'నువ్వు రాకపోతే నీ చోటు ఖాళీగా ఉంచుతాను గానీ ఇంకెవడికీ ఇవ్వను' అని రాశాడు. ఆ వాక్యం దగ్గర ఇస్రాయేలు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

కానీ పాస్‌పోర్టు? అది రుసైల్‌లో కంపెనీ ఆఫీసులో ఇనప బీరువాలో ఉంది. ఇంటికి వెళ్ళి నాలుగేళ్ళయింది. రెండుసార్లు సెలవడిగాడు, రెండుసార్లూ ఒకటే జవాబు: నీ పని చేసేవాడు ఇంకొకడు లేడు. లేకపోవడానికి కారణం ఎవరనుకున్నారు? ఇస్రాయేలే. హెల్పర్లుగా ఇద్దరిని పంపితే, ఇద్దరికీ ఏమీ నేర్పకుండా, "ఈళ్ళ వల్ల కాదండి," అని వెనక్కి పంపించేశాడు. జాలీ కింద స్టూలు ఒక్కటే ఉంది మరి. ఆ స్టూలు ఎవరికీ ఇవ్వకూడదని తన చుట్టూ తనే తలుపేసుకుని, ఇప్పుడు లోపల్నించి తట్టుకుంటున్నాడు. ఉత్తరం వచ్చాకే బుద్ధొచ్చి, భూమయ్యకి పని నేర్పడం మొదలుపెట్టాడు.

తొమ్మిదింటికి సూపర్‌వైజర్ జిలాని వచ్చాడు. కడప మనిషి, చెడ్డవాడు కాదు, పైవాడి మాట కిందవాడికీ కిందవాడి మాట పైవాడికీ మోసి మోసి మెడ వంగిపోయినవాడు.

"ఇస్రాయేలన్నా, ఈ పొద్దు ఒక్క రోజు గట్టెక్కిచ్చు," అన్నాడు. "హోటల్ మేనేజరు నాకు మాటిచ్చినాడు. ప్రోగ్రాంలో మిషను సప్పుడు ఇనపడకుండా ఉంటే రేప్పొద్దున నీ సెలవు కాయితం మీద సంతకం పెడతాడంట. పాస్‌పోర్టు బీరువాలోంచి నేనే తెస్చా."

"ఎప్పుడన్నా ఇనపడిందా జిలానీ గారూ? తొమ్మిదేళ్ళలో?"

"లేదు లేప్పా. అందుకే గదా నిన్ను ఇడ్సంది."

జిలాని వెళ్ళగానే భూమయ్య బ్లోయర్ పక్కన చతికిలబడి, తల ఒక పక్కకి వంచి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, ఊళ్ళో బోరుబావుల మోటార్లు బాగుచేసేవాడు.

"అన్నా, గీ మిషన్ల సన్నగ కీ అంటున్నది. బేరింగు వోయినట్టున్నది. మార్సుదామా?"

ఇస్రాయేలు దగ్గరికెళ్ళి విన్నాడు. మిషను ఎప్పట్లాగే 'హుమ్' అంటోంది. కీ లేదు, గీ లేదు.

"నీ చెవిలో జోరీగ దూరిందేమో చూసుకో."

"ఏమో అన్నా. నాకైతె ఇనవడ్తున్నది."

"తొమ్మిదేళ్ళనించీ దీంతో కాపరం చేత్తన్నాను. నాకు తెలీని మోతేంటయ్యా దీంట్లో? ఇప్పుడు ఇప్పదీస్తే సాయంత్రానికి బిగించగలవా? ఏదన్నా అయితే నా పాస్‌పోర్టు నువ్విస్తావా?"

భూమయ్య లేచి స్పానరు డబ్బాలో పెట్టేశాడు. చిన్నవాడు పెద్దవాడికి ఎంతని చెబుతాడు?

పదకొండింటికి పిల్లలు రిహార్సల్‌కి వచ్చారు. ఎర్ర బల్బు వెలిగింది. ఇస్రాయేలు డక్టులోని రేకు తలుపు ముందు మూసి, తర్వాత మిషను ఆపి, పట్టీ వేలాడేదాకా చూసి, స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. భూమయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పాట దిగింది. కింది స్వరాలు గట్టిగా ఉన్నాయి, పునాది బాగా వేశారు. మధ్యలో కాస్త పల్చన. పైన ఏమీ లేదు. ఇస్రాయేలు ఎదురుచూశాడు. పాట అయిపోయింది.

"తేలిపోయింది," అన్నాడు కళ్ళు తెరిచి. "జర్మనీ పిల్లలు ఫస్టు. ఇంగ్లాండు సెకండు. ఈళ్ళకి పైన పాడేవోడే లేడు. పిల్లల్ని తెచ్చేరు గానీ పై స్వరం ఊళ్ళో మర్చిపోయి వచ్చేరు."

భూమయ్య తెల్లబోయాడు. "అదేందన్నా! ఒక్క పిల్లగాడు పైకెల్లి గంత మంచిగ పాడవట్టె. నా పానం జల్లుమన్నది."

"నువ్వు ఎన్ని క్వయర్లు విన్నావేంటి?"

"గిదే ఫస్టు."

"అదీ సంగతి," అన్నాడు ఇస్రాయేలు. తొలిసారి వినేవాడికి అన్నీ బాగానే ఉంటాయి. పాపం అనుకున్నాడు.

ఏడింటికి కచేరీ మొదలైంది. ఇనప తలుపు మూశారు. మొదటి సగం పియానోతో సాగింది. పియానో మోతలో మిషను మోత కలిసిపోయింది. రెండో సగంలో పియానో లేదు. ఎర్ర బల్బు వెలిగింది, ఇస్రాయేలు గాలి ఆపాడు. ఒక పాట, రెండు పాటలు, మూడు పాటలు. పది నిమిషాలు దాటింది. డిసెంబరే అయినా, ఎనిమిది వందల మంది ఊపిరి, పైన స్టేజీ దీపాలు. జాలీలోంచి వేడి కిందికి దిగుతోంది. ఇస్రాయేలు పాపిడిలోంచి చెమట కారి ముక్కు మీదికొచ్చింది.

తలుపు వారగా తెరిచి జిలాని తల లోపల పెట్టాడు. "అన్నా, ముందు వరసలో పెద్దోళ్ళు కాయితాలతో ఇసురుకుంటాండారు. మేనేజరు కొంచెం గాలి ఇడ్సమంటాండాడు. మెల్లగ. ఒగే పాట మిగిలింది, ఒక్క పిలగాడు పాడేది. సప్పుడు రాదు గదా?"

నెమ్మది గాలి! పాట నడుస్తుంటే పాట కిందుగా గాలి వదలడం, ఒక్కడికీ తెలియకుండా. ఇది ఇస్రాయేలు ఒక్కడికే చేతనైన విద్య. జర్మనీ పిల్లలప్పుడు చేశాడు, ఇంగ్లాండు పిల్లలప్పుడు చేశాడు.

భూమయ్య అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నా. నీ కాల్మొక్త. స్టార్టు చేస్తె కీ అంటది. పొద్దుగాల కంటె ఎక్కువైంది."

"తియ్యి చెయ్యి."

"జిలాని సాబ్, మీరన్న చెప్పున్రి!"

జిలాని ఇద్దరి మొహాలూ చూశాడు. తొమ్మిదేళ్ళ మనిషిని చూశాడు, మూడు నెలల మనిషిని చూశాడు. "ఇస్రాయేలన్నకు తెలీదా ఏంది," అని తలుపు మూసి వెళ్ళిపోయాడు.

ఇస్రాయేలు స్విచ్చి తిప్పాడు. మిషను మెల్లగా కదిలింది, రేకు తలుపు వెంట్రుకవాసి తెరిచాడు, జాలీ మీద పట్టీ ఊపిరి పోసుకున్నట్టు చిన్నగా లేచింది. ఎంత ముద్దుగా లేచిందో! అతను చిరునవ్వుతో భూమయ్య వైపు తిరిగాడు. భూమయ్య రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు.

ఎర్ర బల్బు ఆరింది. మళ్ళీ వెలిగింది, ఆగకుండా మిణుకుమిణుకుమంటోంది. ఇస్రాయేలుకి అర్థం కాలేదు. బల్బు పాడైందేమో అనుకుని దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. భూమయ్య ఒక్క ఉరుకున వచ్చి అతన్ని పక్కకి తోసి స్విచ్చి కట్టేశాడు. పట్టీ వేలాడింది.

"ఏంటయ్యా! ఏం చేత్తన్నావు!"

"పాట ఆగింది అన్నా," అన్నాడు భూమయ్య. "మన మిషను మొత్తుకునుడుకు పిల్లగాడు పాట ఆపిండు."

ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. హాల్లో జనం గుసగుసలు ఒక అలలా లేచి తగ్గాయి. అవి ఇస్రాయేలుకి వినబడ్డాయి. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. మిషను ఆగినా అతని తలలో ఆ 'హుమ్' ఆగలేదు. తొమ్మిదేళ్ళుగా అది మిషనుదే అనుకున్నాడతను.

"మళ్ళీ మొదలుపెట్టలేదా?" అన్నాడు చివరికి.

భూమయ్య అతని వైపు విచిత్రంగా చూశాడు. "పాడుతున్నడు కదన్నా."

"ఎవరు?"

"గా పిల్లగాడే. ఒక్కడే పాడుతున్నడు."

ఇస్రాయేలు స్టూలెక్కాడు. చెవి జాలీకి ఆనించాడు. ఇనుము చల్లగా తగిలింది. పట్టీ చెంపకి తగిలింది. కళ్ళు మూసుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు. అక్కడ పాట లేదు. చెవి మార్చి రెండోది ఆనించాడు. అక్కడా లేదు. కిందికి చూస్తే భూమయ్య మొహం పైకెత్తి, నోరు కొద్దిగా తెరిచి వింటున్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. ఆరేళ్ళ కిందట ఇదే స్టూలు మీద తను అచ్చం అలాగే ఉన్నాడు.

అప్పుడు తెలిసింది ఇస్రాయేలుకి. జర్మనీ పిల్లల కంటే ఇంగ్లాండు పిల్లలు తక్కువా కాదు, ఇంగ్లాండు పిల్లల కంటే ఈ పిల్లలు తక్కువా కాదు. తగ్గుతూ వచ్చింది వాళ్ళు కాదు. దేవుడా, ఎంతమంది పిల్లలకి తక్కువ మార్కులు వేశాను అనుకున్నాడు. దుఃఖం కంటే ముందు సిగ్గు వచ్చింది.

స్టూలు దిగి, ముంజెయ్యి చాపి అడిగాడు. "భూమయ్యా, నా గడియారం మోగుతుందా?"

"రోజు మోగుతది. ఐదింటికి. నేనే ఒత్తి బందు వెడ్త."

"మరి చెప్పవేంటయ్యా?"

"నీకు ఇనవడ్తలేదని నాకేం ఎర్క అన్నా? నిద్రమొద్దువనుకున్న."

ఇస్రాయేలు నవ్వాడు. నవ్వుతూనే స్టూలు మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. హాల్లో చప్పట్లు మోగాయి. అవి బాగానే వినబడ్డాయి.

జిలాని ఏమీ తిట్టలేదు. వచ్చి, తలుపు దగ్గర నిలబడి, "నిన్ను ఆపాల్సింది నేను, ఆ యప్ప చెప్తానే ఉండె," అన్నాడంతే. మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు చెవులకేవో తొడిగి, చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. ఇస్రాయేలు చెయ్యి చాలాసేపు ఒళ్ళోనే ఉంది. ఆ కాగితం రుసైల్ ఆఫీసుకి చేరింది. సెలవు కాగితం మీద సంతకం పడలేదు. దాని బదులు వీసా క్యాన్సిల్ అయింది. నాలుగేళ్ళు కదలని బీరువా తలుపు వారం రోజుల్లో తెరుచుకుంది. మళ్ళీ రావక్కర్లేదు, ఖల్లాస్. వెళ్తానని అడుక్కున్నవాడిని పొమ్మన్నారు. ఆ రెండూ ఒకటి కావని జిలానికీ తెలుసు, అందుకే పాస్‌పోర్టు చేతిలో పెట్టేటప్పుడు ఇస్రాయేలు కళ్ళలోకి చూడలేకపోయాడు.

పదహారో తారీకు బుధవారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. ఒక సూట్‌కేసు, తాడు కట్టిన ఒక అట్టపెట్టె. ఇస్రాయేలు పాపిడి తీసుకున్నాడు. గడియారం విప్పి భూమయ్య మంచం పక్కన గోడ మేకుకి తగిలించాడు.

"నువ్వెలాగూ గడియారం కొనుక్కోవు, ఇదుంచుకో. జాలీకి పట్టీ వారానికోసారి మార్చు. స్టూలు మాత్రం ఇంకోటి అడుగు. ఇద్దరు కూర్చోవాలి ఆ గదిలో. వినపడుతుందా నే చెప్పేది?"

"ఇనవడ్తున్నదన్నా," అన్నాడు భూమయ్య.

వ్యాను గేటు దాటేటప్పుడు ఇస్రాయేలు వెనక్కి చూశాడో లేదో భూమయ్య చూడలేదు. డ్యూటీకి టైమైంది.

శనివారం హాస్టల్‌లో రిహార్సల్. ఇస్రాయేలు వెనక వరసలో, ఖాళీగా ఉంచిన తన చోట నిలబడ్డాడు. ముందు వరసలో ఇరవై నాలుగు మంది పిల్లలు. ప్రేమచంద్ ఒక గుడ్డపీలిక తీసి, చివరి పిల్లవాడి నోటిముందు పట్టుకున్నాడు. దొరసానమ్మగారు పోయి ఎన్నాళ్ళో అయింది, ఆ గుడ్డ మాత్రం పోలేదు. ఇస్రాయేలు మెల్లగా వరస తప్పించుకుని పక్కకి వచ్చి నిలబడ్డాడు. పిల్లవాడు నోరు తెరిచాడు. మెడ మీద సన్నటి నరం లేచింది. చుట్టూ ఉన్నవాళ్ళ తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ఇస్రాయేలు గుడ్డ వైపే చూస్తున్నాడు.

సోమవారం తెల్లవారకముందే అల్ మవాలేలో భూమయ్య ఫోను మోగింది.

"ఎట్ల పాడిన్రన్నా, మీ పోరలు?"

 అవతల ఇస్రాయేలు గొంతు గట్టిగా, వినబడనివాళ్ళు మాట్లాడే గట్టితనంతో వచ్చింది. "గుడ్డ కదల్లేదయ్యా! అంతసేపు పాడేడు, వెంట్రుకంత కదల్లేదు!"

"జర్మనోళ్ళ కంటె మంచిగనా?"

"ఏంటీ?"

"జర్మనోళ్ళ కంటె!"

"అందరికంటేనూ!" అని అరిచాడు ఇస్రాయేలు. "అందరికంటే వాడే ఫస్టు!"

ఫోను పెట్టేసరికి ఐదు కావొచ్చింది. మిగతా నాలుగు మంచాల మీదా ముసుగులు కదలడం లేదు. గోడ మేకుకి వేలాడుతున్న గడియారం కీచుకీచుమని మొదలుపెట్టింది. భూమయ్య అలవాటుగా చెయ్యి చాపి, నొక్కకుండా వెనక్కి తీసుకున్నాడు. గడియారం ఇరవైసార్లు మోగి, దానంతటదే ఆగింది.